రాయ్‌పూర్ ప్రజాస్మారకాలు: ఎవరి జ్ఞాపకం, ఎవరి నిర్ణయం

ఛత్తీస్‌గఢ్ రాజధాని రాయ్‌పూర్‌లోని విగ్రహాలు, స్తంభాలు, మ్యూజియాలు, కూడళ్ళ పేర్లు ఆ రాష్ట్ర జనానికి ఎంతవరకు అద్దం పడుతున్నాయన్నది 2000 నవంబరు 1న రాష్ట్రం ఏర్పడిన నాటి నుంచి నడుస్తున్న చర్చ. 2011 జనగణన ప్రకారం రాష్ట్ర జనాభా సుమారు 2.55 కోట్లు. అందులో ఆదివాసీలు 30.6 శాతం, షెడ్యూల్డు కులాలవారు 12.8 శాతం. మిగిలినవారిలో సాహు, కుర్మీ, యాదవ, నిషాద వంటి సేద్యపు, వృత్తి కులాలది పెద్ద వాటా. రాజధాని నగరం తీరు వేరు. పది లక్షలు దాటిన ఈ ఊళ్ళో ఛత్తీస్‌గఢీ పల్లెల నుంచి వచ్చినవారితో పాటు మార్వాడీ, గుజరాతీ, సింధీ వర్తకులు, మరాఠీ, ఒడియా కుటుంబాలు, తూర్పు బెంగాల్ నుంచి శరణార్థులుగా వచ్చినవారు, రైల్వే కొలువులతో వచ్చి స్థిరపడిన తెలుగువారు ఉన్నారు. నగరంలో పలుకుబడి ఒకరిది, రాష్ట్రంలో సంఖ్యాబలం మరొకరిది. స్మారకాల చరిత్రను నడిపించినది ఈ తేడాయే.

పాత నగరపు గుర్తులు

రాష్ట్రం రాకముందు రాయ్‌పూర్ స్మారకాలు ఎక్కువగా సంస్థానాధీశులు, కాంగ్రెస్ నాయకులు, జాతీయ మహాపురుషుల చుట్టూ అల్లుకున్నవి. 1956లో ఏర్పడిన మధ్యప్రదేశ్‌కు తొలి ముఖ్యమంత్రి అయిన పండిత రవిశంకర్ శుక్లా పేరు 1964లో నెలకొల్పిన విశ్వవిద్యాలయానికి పెట్టారు. నగరంలోని ప్రధాన మ్యూజియం అంతకంటే చాలా పాతది. రాజ్‌నాంద్‌గావ్ సంస్థానాన్ని పాలించిన మహంత్ ఘాసీదాస్ దానంతో 1875లో అది మొదలైంది. ఇప్పుడున్న భవనాన్ని 1953లో రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. ఈ మహంత్ ఘాసీదాస్ వైరాగి పీఠాధిపతి, పాలకుడు. సత్నామీ పంథాన్ని నిలిపిన గురు ఘాసీదాస్ ఈయన కాదు. పేరొకటే కావడంతో కొత్తవారు తరచు ఒకరిని చూసి మరొకరనుకుంటారు.

నగరం నడుమనున్న బూఢా తాలాబ్‌లో ధ్యానముద్రలో కూర్చున్న స్వామి వివేకానంద విగ్రహం 37 అడుగుల ఎత్తుంటుంది. భిలాయికి చెందిన శిల్పి, పద్మశ్రీ గ్రహీత జె. ఎం. నెల్సన్ దాన్ని మలిచారు. వివేకానందుడు (అప్పటి నరేంద్రుడు) బాల్యంలో, 1877 నుంచి 1879 వరకు, తండ్రితో కలిసి రాయ్‌పూర్‌లో ఉన్నాడు. ఆ అనుబంధంతో చెరువుకు వివేకానంద సరోవర్ అని పేరు పెట్టారు, 2012లో విమానాశ్రయానికి కూడా ఆయన పేరే వచ్చింది. అయితే బూఢా తాలాబ్ అనే పాత పేరులో ఉన్నది తమ పెద్ద దేవుడు బూఢాదేవ్ అని గోండు సంఘాలు అంటాయి, ఆ పేరు నిలవాలని కోరుతున్నాయి. వివేకానందుడి మీద ఎవరికీ అభ్యంతరం లేదు. రెండేళ్ళు ఊళ్ళో ఉన్న అతిథికి దక్కిన చోటు, చెరువుకు పేరిచ్చాడని వారు నమ్మే దేవుడికి ఎందుకు దక్కలేదన్నదే వారి ప్రశ్న. ఇది న్యాయమైన ప్రశ్న. జనం నోట పాత పేరు ఇంకా బతికే ఉంది కాబట్టి దీనికి జవాబు చెప్పడం కష్టం కూడా కాదు.

వీర్ నారాయణ్ సింగ్

రాయ్‌పూర్ స్మారకాల్లో ప్రాతినిధ్యం ఎలా వస్తుందో, ఎవరి చేతుల మీదుగా వస్తుందో తెలియజెప్పే ఉదాహరణల్లో అన్నిటికంటే ముఖ్యమైనది సోనాఖాన్ జమీందారు నారాయణ్ సింగ్ కథ. ఆయన బింఝ్‌వార్ తెగవాడు. 1856లో ఆ ప్రాంతమంతా కరవు పడింది. మాఖన్ అనే వర్తకుడి కొట్లో ధాన్యం నిండుగా ఉంది, పల్లెల్లో జనం ఆకలితో ఉన్నారు. అప్పు కింద కూడా గింజలు ఇవ్వడానికి వర్తకుడు ఒప్పుకోకపోవడంతో నారాయణ్ సింగ్ కొట్టు తెరిపించి ధాన్యం పంచిపెట్టాడు. చేసిన పనిని దాచిపెట్టకుండా డిప్యూటీ కమిషనర్‌కు తానే తెలియజేశాడని చెబుతారు. వర్తకుడి ఫిర్యాదుపై ఇంగ్లీషువారు 1856 అక్టోబరులో ఆయన్ను పట్టుకుని రాయ్‌పూర్ జైల్లో పెట్టారు. 1857 ఆగస్టులో ఆయన జైలు నుంచి తప్పించుకుని, సోనాఖాన్‌లో సుమారు 500 మందిని కూడగట్టి పోరాడాడు. చివరకు లొంగిపోక తప్పలేదు. 1857 డిసెంబరు 10న రాయ్‌పూర్‌లో ఆయన్ను ఉరితీశారు. ఉరితీసిన చోటు ఇప్పటి జయస్తంభ్ చౌక్ అని నగరం నమ్ముతుంది. ఏటా డిసెంబరు 10న నివాళులు అర్పించేది అక్కడే. ఆ తరువాత కొద్ది వారాలకే, 1858 జనవరి 18న, అదే ఊళ్ళో సిపాయి హనుమాన్ సింగ్ ఒక ఇంగ్లీషు సార్జెంట్ మేజర్‌ను చంపి తిరుగుబాటు లేవదీశాడు. ఆయన చిక్కలేదు గాని, 17 మంది సహచరులను బహిరంగంగా ఉరితీశారు.

స్వాతంత్ర్యానికి గుర్తుగా నిలిపిన జయస్తంభం చాలాకాలం పాటు నారాయణ్ సింగ్‌ను తలపించేది కాదు. ఊళ్ళో పెద్ద వ్యాపార కూడలి, ఊరేగింపులు ఆగే చోటు, అంతే. ఆయన పేరును మళ్ళీ జనంలోకి తెచ్చినవారు ప్రభుత్వం వారూ కాదు, విశ్వవిద్యాలయం వారూ కాదు. రాయ్‌పూర్‌కు దక్షిణాన దల్లీ రాజహరా ఇనుప గనుల్లో పనిచేసే ఒప్పంద కూలీలు. శంకర్ గుహ నియోగి నాయకత్వంలోని ఛత్తీస్‌గఢ్ మైన్స్ శ్రమిక్ సంఘ్ 1979 డిసెంబరులో వీర్ నారాయణ్ సింగ్ దినోత్సవం జరిపింది. గనుల్లో చాలామంది ఆదివాసీలు, సత్నామీలు, నిరుపేద రైతు కుటుంబాలవారు. కరవులో గింజలు పంచిన ఒక ఆదివాసీ జమీందారు వారికి పాఠ్యపుస్తకంలోని పేరు కాదు, తమ కూలి తగాదాకు పూర్వీకుడు. అదే సంఘం 1977 జూన్‌లో పోలీసు కాల్పుల్లో చనిపోయిన 11 మంది కార్మికుల స్మృతికి విగ్రహాల జోలికి పోకుండా ఆసుపత్రి కట్టుకుంది. కార్మికుల చందాలతో, వారి శ్రమతో 1983లో తెరుచుకున్న ఆ షహీద్ ఆసుపత్రి ఇప్పటికీ రోగులను చూస్తోంది. స్మారకం అంటే రాతి బొమ్మే కానక్కరలేదన్న విషయానికి ఛత్తీస్‌గఢ్ నేల మీద ఇంతకంటే గట్టి సాక్ష్యం లేదు. నియోగిని 1991 సెప్టెంబరు 28న భిలాయిలో హత్య చేశారు.

ప్రభుత్వ గుర్తింపు ఆ వెనుక వచ్చింది. 1987లో భారత తపాలా శాఖ నారాయణ్ సింగ్ పేరిట 60 పైసల బిళ్ళ విడుదల చేసింది. అందులో ఆయన ఫిరంగికి కట్టేసి ఉన్నట్టు చిత్రించారు. రికార్డులు ఉరి అంటాయి, జానపదం ఫిరంగి అంటుంది. బిళ్ళ జానపదం వైపు మొగ్గింది. ప్రజల జ్ఞాపకానికి చోటివ్వడం అవసరమే, కానీ ఫలకం మీద చెక్కేటప్పుడు రెండు కథనాలూ రాయడం మంచిది. లేకపోతే తరువాతి పరిశోధకుడు ఒక చిన్న తప్పును చూపించి మొత్తం కథనే కొట్టిపారేసే వీలుంటుంది. రాష్ట్రం ఏర్పడ్డాక, రాయ్‌పూర్ పక్కన కట్టిన కొత్త నగరం నవా రాయ్‌పూర్‌లోని అంతర్జాతీయ క్రికెట్ స్టేడియానికి ఆయన పేరు పెట్టారు.

2025 నవంబరు 1న, రాష్ట్రానికి పాతికేళ్ళు నిండిన రోజున, నవా రాయ్‌పూర్‌లో షహీద్ వీర్ నారాయణ్ సింగ్ స్మారక ఆదివాసీ స్వాతంత్ర్య సమరయోధుల మ్యూజియాన్ని ప్రధాని నరేంద్ర మోదీ ప్రారంభించారు. హల్బా తిరుగుబాటు, 1825లో గేంద్ సింగ్ ఉరితో ముగిసిన పరల్‌కోట్ తిరుగుబాటు, 1910లో గుండాధుర్ నడిపిన భూమ్‌కాల్ తిరుగుబాటు, ఆ తరువాతి జంగిల్ సత్యాగ్రహాలు ఇందులో వరుసగా కనిపిస్తాయి. ఆదివాసీ సమరయోధుల మ్యూజియాలు వివిధ రాష్ట్రాల్లో కడతామని కేంద్రం 2016లో ప్రకటించింది. ఆ పథకంలో ఆంధ్రప్రదేశ్‌లోని లంబసింగి, తెలంగాణలోని హైదరాబాద్ కూడా ఉన్నాయి.

ఈ మ్యూజియం ముందున్నదానికంటే ఎందులో మెరుగో తెలియాలంటే దానికి దాదాపు రెండు దశాబ్దాల ముందు తెరిచిన పుర్ఖౌతీ ముక్తాంగన్‌ను చూడాలి. 2006 నవంబరులో రాష్ట్రపతి అబ్దుల్ కలాం ప్రారంభించిన ఈ విశాలమైన ఆవరణలో ఆదివాసీల ఇళ్ళు, నృత్యాలు, పనిముట్లు నిలువెత్తు బొమ్మలుగా ఉంటాయి. కొమ్ముల తలపాగాలతో గౌర్ నృత్యం చేసే మారియాలు, డోలు వాయించే యువకులు కళాత్మకంగా ఉన్నారు. అయితే వారికి పేర్లు లేవు. నగరం కూడళ్ళలో నాయకులు పేరుతో, ఫలకంతో నిలబడితే ఆదివాసీలు జాతి నమూనాలుగా, నర్తకులుగా నిలబడ్డారు. జనాభా లెక్క తీసి విగ్రహాలు నిలబెట్టినా ఈ తేడా పోదు. కొత్త మ్యూజియం ఆదివాసీని పేరున్న మనిషిగా, నిర్ణయం తీసుకుని దాని ఫలితం అనుభవించిన మనిషిగా చూపింది. అందుకే అది ఒక మలుపు.

జైత్‌ఖామ్

గురు ఘాసీదాస్ 1756 డిసెంబరు 18న ఇప్పటి బలౌదాబాజార్ జిల్లాలోని గిరౌద్‌పురిలో పుట్టారు. కులభేదం వద్దన్నారు, విగ్రహారాధన వద్దన్నారు, సత్యనామం ఒక్కటే చాలన్నారు. ఛత్తీస్‌గఢ్ మైదానాల్లో దళితుల్లో అత్యధికులు ఆయన అనుయాయులైన సత్నామీలే. వారి స్మారక రూపం జైత్‌ఖామ్. నలుచదరపు గద్దె మీద తెల్లటి సున్నం వేసిన స్తంభం, దాని కొసన తెల్ల జెండా. ప్రతి సత్నామీ పేటలో ఒకటి ఉంటుంది. గురు జయంతి నాడు పాత జెండా దించి కొత్తది ఎక్కిస్తారు, దాన్ని ‘పాలో’ ఎక్కించడం అంటారు. చుట్టూ మాందర్ మోతకు పంథీ నృత్యం సాగుతుంది. గిరౌద్‌పురిలో ప్రభుత్వం కట్టించిన పెద్ద జైత్‌ఖామ్ ఎత్తు 77 మీటర్లు, అంటే కుతుబ్ మినార్‌ను మించింది.

ప్రాతినిధ్యం గురించి మాట్లాడేటప్పుడు ఈ స్తంభాన్ని ప్రత్యేకంగా చూడాలి. అణగారిన వర్గానికి చోటివ్వడమంటే వారి మహనీయుడి విగ్రహం పెట్టడమే అనుకోవడం మామూలు. విగ్రహమే వద్దన్న గురువు విషయంలో ఆ పద్ధతి ఎంతవరకు చెల్లుతుంది? సత్నామీలు తమ రూపాన్ని తామే ఎంచుకున్నారు, రాజ్యం తరువాత దాన్ని పెద్దది చేసింది. మేలైన క్రమం ఇదే. ఆ రూపం మీద దెబ్బపడితే ఎంత నొప్పి కలుగుతుందో 2024లో తేలింది. మే నెల మధ్యలో గిరౌద్‌పురి దగ్గరి అమర్ గుఫా వద్ద జైత్‌ఖామ్‌ను ధ్వంసం చేశారు. దర్యాప్తు సరిగా సాగలేదన్న కోపంతో జూన్ 10న బలౌదాబాజార్‌లో చేరిన జనంలో కొందరు కలెక్టరు కార్యాలయ సముదాయానికి నిప్పు పెట్టారు. ఆ హింసను ఎవరూ సమర్థించలేరు. అయితే గ్రామంలో ఒక సున్నపు స్తంభం విరిగిందన్న ఫిర్యాదును నగరంలో విగ్రహం విరిగిందన్న ఫిర్యాదుతో సమానంగా చూసి ఉంటే వ్యవహారం అంతదూరం పోయేది కాదేమో.

బస్తర్ మారియాలది ఇంకో రకం సంప్రదాయం. చనిపోయినవారికి రాయి నిలుపుతారు, లేదా చెక్కిన కొయ్య స్తంభం పాతుతారు. దంతెవాడ దగ్గర గమావాడలో ఇలాంటి రాళ్ళు గుంపుగా ఉన్నాయి. స్తంభాల మీద, పలకల మీద చనిపోయిన మనిషి బతుకంతా ఉంటుంది: నృత్యం, వేట, పశువులు, కొత్తవాటిలో సైకిలు, బస్సు, విమానం. తెలుగునాట వీరగల్లులు ఎక్కువగా యుద్ధంలోనో పశువుల కోసమో ప్రాణమిచ్చినవారికి దక్కేవి. ఇక్కడ మామూలు మనిషికీ స్మారకం ఉంది. రాయ్‌పూర్ మ్యూజియాల్లో ఇవి జానపద కళ అన్న శీర్షిక కింద చేరతాయి. ప్రజాస్మారక రూపంగా నగరం వీటి నుంచి ఇంకా ఏమీ నేర్చుకోలేదు. కొండగావ్ గడ్వాలు మైనపు అచ్చు మీద పోసే ఢోక్రా కంచు పోత కూడా అంతే. జయదేవ్ బఘేల్ వంటి పోతగాళ్ళ పని దేశవిదేశాల్లో పేరు పొందింది, కానీ కూడళ్ళలో నిలిచేవి ఎక్కువగా సిమెంటు, ఫైబరు బొమ్మలే.

మహతారి, మహిళలు

రాయ్‌పూర్ కూడళ్ళలో స్త్రీ రూపం అంటే ఇప్పుడు ముందుగా గుర్తొచ్చేది ఛత్తీస్‌గఢ్ మహతారి. మహతారి అంటే అమ్మ. ఆకుపచ్చ చీర, చేతిలో వరి కంకులు. ‘ధాన్ కా కటోరా’ (వరి గిన్నె) అని పేరున్న నేలకు తగిన రూపం. 2019లో రాష్ట్ర గీతంగా స్వీకరించిన డాక్టర్ నరేంద్రదేవ్ వర్మ పాట కూడా ఈ తల్లినే కీర్తిస్తుంది. 2022లో అప్పటి ముఖ్యమంత్రి భూపేశ్ బఘేల్ రాయ్‌పూర్ కలెక్టరేట్ దగ్గర మహతారి విగ్రహాన్ని ఆవిష్కరించారు, జిల్లా కేంద్రాలన్నిటా పెట్టాలని నిర్ణయించారు. 2025 అక్టోబరులో తేలీబాంధా ప్రాంతంలోని వీఐపీ చౌక్‌లో ఉన్న మహతారి విగ్రహాన్ని విరగ్గొట్టినప్పుడు ఛత్తీస్‌గఢీ సంఘాలు రోడ్డెక్కాయి. కొత్త విగ్రహం పెట్టారు.

తెలుగు పాఠకులకు ఇక్కడ తెలంగాణ తల్లి గుర్తురాక మానదు. 2024 డిసెంబరు 9న హైదరాబాద్ సచివాలయంలో ఆవిష్కరించిన కొత్త రూపంలో కిరీటం తీసేసి, ఆకుపచ్చ చీరతో, చేతిలో వరి, జొన్న, మొక్కజొన్న కంకులతో పల్లె తల్లిగా మలిచారు. పాత రూపంలోని బతుకమ్మను ఎందుకు తొలగించారని ప్రతిపక్షం నిలదీసింది. తల్లి రూపం మీద ప్రతి ప్రభుత్వమూ తన ముద్ర వేయాలని చూస్తుంది. దాని వల్ల అసలు లోటు ఒకటి మరుగున పడుతుంది. తల్లి ప్రతిమ ఏ స్త్రీకీ ప్రతినిధి కాదు. సత్నామీ సమాజం నుంచి వచ్చి, 1950ల నడుమ ఛత్తీస్‌గఢ్ తొలి మహిళా ఎంపీగా లోక్‌సభకు వెళ్ళిన మినీమాతా అంటరానితనంపై పార్లమెంటులో పోరాడారు. 1972 ఆగస్టులో విమాన ప్రమాదంలో మరణించారు. కోర్బా దగ్గరి బాంగో ఆనకట్టకు ఆమె పేరుంది. రాయ్‌పూర్‌లో మంత్రసానిగా ఇంటింటికీ తిరిగి పురుళ్ళు పోసిన డాక్టర్ రాధాబాయి పారిశుద్ధ్య కార్మికుల వాడల్లో పనిచేశారు, సత్యాగ్రహాల్లో జైలుకు వెళ్ళారు. ఆమె పేరిట నగరంలో ఆడపిల్లల కళాశాల ఉంది. బిలాస్‌పూర్‌కు పేరిచ్చిందని చెప్పే కేవట కులపు బిలాసా పేరు ఆ ఊరి విమానాశ్రయానికి పెట్టారు. అంటే నిజమైన స్త్రీలు సంస్థల పేర్లలో ఉన్నారు, కూడలి మధ్య ఎత్తయిన గద్దె మాత్రం ప్రతీకకే దక్కింది. అమెరికాలోనూ ఇలాంటి చిత్రమే కనిపిస్తుంది. అక్కడి స్మారకాల మీద మాన్యుమెంట్ ల్యాబ్ అనే సంస్థ 2021లో ప్రకటించిన అధ్యయనంలో, ఎక్కువ స్మారకాలున్న 50 మందిలో స్త్రీలు ముగ్గురే.

నిర్ణయించేదెవరు

రాయ్‌పూర్‌లో కూడలికి పేరు పెట్టడం, విగ్రహం నిలపడం సాధారణంగా ఒక సమాజ్ వినతిపత్రంతో మొదలవుతుంది. ఇక్కడ సమాజ్ అంటే కులసంఘం. సాహు సమాజ్, కుర్మీ సమాజ్, లోధీ సమాజ్, ఆదివాసీ సమాజ్ తమ తమ మహనీయుల జయంతులకు మంత్రులను పిలుస్తాయి, వేదిక మీదే ప్రకటన వస్తుంది, మునిసిపల్ కార్పొరేషన్ తీర్మానం వెనకాల నడుస్తుంది. దీనివల్ల మేలు జరగలేదనలేం. ఒకప్పుడు కూడళ్ళ దరిదాపుల్లో లేని కులాల చరిత్ర బయటికి వచ్చింది. అయితే బలమైన సంఘం లేని సముదాయానికి ఈ దారి మూసుకుపోయింది. సంచార జాతులు, ఒడిశా నుంచి వచ్చి చెత్త ఏరుకునే కుటుంబాలు, రాయ్‌పూర్ దగ్గరి మానా శిబిరం మీదుగా దండకారణ్యానికి తరలిన తూర్పు బెంగాల్ శరణార్థులు ఏ వేదిక మీదా లేరు. 1931లో విజయనగరం, రాయ్‌పూర్ మధ్య రైలు మార్గం పూర్తయ్యాక ఉత్తరాంధ్ర నుంచి వచ్చి వ్యాగన్లు మరమ్మతు చేసిన తెలుగు కార్మికుల జ్ఞాపకం కూడా రైల్వే కాలనీల గుళ్ళలో, సంఘ భవనాల్లోనే ఉంది.

హైదరాబాద్ ట్యాంక్‌బండ్ అనుభవం ఇక్కడ పనికొస్తుంది. ఎన్.టి. రామారావు ప్రభుత్వం 1980లలో అక్కడ తెలుగు ప్రముఖుల విగ్రహాలు వరుసగా నిలిపింది. ఎంపికలో తెలంగాణవారికి తగిన చోటు లేదన్న అసంతృప్తి చాలాకాలం ఉంది. 2011 మార్చి 10న తెలంగాణ ఉద్యమపు మిలియన్ మార్చ్‌లో అనేక విగ్రహాలు కూలాయి. వాటిలో రాజకీయాలతో సంబంధం లేని కవులూ ఉన్నారు. తరువాత కూలినవాటిని తిరిగి నిలిపారు, కొమురం భీం విగ్రహం కూడా ఆ గట్టు మీదికి చేరింది. పై నుంచి ఒకే విడతలో చేసిన ఎంపిక ఎంత ఉదాత్తమైనదైనా, తన మాట ఎవరూ అడగని ప్రాంతం దాన్ని తనదిగా భావించదు.

చట్టపరంగా మరో హద్దు ఉంది. రోడ్లు, కాలిబాటలు, ప్రజోపయోగ స్థలాల్లో కొత్త విగ్రహాలకు అనుమతి ఇవ్వరాదని సుప్రీంకోర్టు 2013 జనవరి 18న రాష్ట్రాలను ఆదేశించింది. ప్రకటనలు ఆగలేదు గాని, అప్పటినుంచి కొత్త స్మారకాలకు ఉద్యానవనాలు, కార్యాలయ ఆవరణలు, నవా రాయ్‌పూర్ ఖాళీ స్థలాలు సురక్షితమైన దారి అయ్యాయి. ఇందులో ఒక చిక్కుంది. పాత నగరం నడిబొడ్డు మొదట వచ్చినవారికి మిగిలిపోతుంది, ఆలస్యంగా గుర్తింపు పొందినవారు ఊరికి దూరంగా, బస్సెక్కి వెళ్ళి చూడవలసిన మ్యూజియాలకు చేరతారు. పాత కూడళ్ళలోనే కొత్త ఫలకాలు, పేర్లు, వార్షిక కార్యక్రమాలు చేర్చడం దీనికి ఒక విరుగుడు. విగ్రహం అక్కర్లేకుండానే జయస్తంభ్ చౌక్ నారాయణ్ సింగ్‌ది అయింది. నగర గడియారం ‘నగర్ ఘడీ’ గంట కొట్టే ముందు ఛత్తీస్‌గఢీ జానపద బాణీ వినిపించే ఏర్పాటు కూడా ఇలాంటిదే. అదనపు స్థలం తీసుకోదు, దారిన పోయే ప్రతివారికీ చేరుతుంది.

భాష విషయంలో చేయవలసినది చాలా ఉంది. ఛత్తీస్‌గఢీకి 2007లో శాసనసభ రాజభాష హోదా ఇచ్చింది. బస్తర్‌లో గోండీ, హల్బీ, సుక్మా వైపు తెలుగు కలిసిన దోర్లీ, ఉత్తరాన సర్‌గుజాలో కుడుఖ్ మాట్లాడతారు. స్మారక ఫలకాలు మాత్రం ప్రధానంగా హిందీలోనే ఉంటాయి. గుండాధుర్ గురించి హల్బీలో, గేంద్ సింగ్ గురించి గోండీలో నాలుగు వాక్యాలు రాసి పెట్టడానికి కొత్త భవనం అక్కర్లేదు. ఆ భాషల్లో చదివి వినిపించే ఆడియో ఉంటే అక్షరం రాని వృద్ధులకు కూడా మ్యూజియం అందుతుంది. ఏ వాక్యాలు రాయాలో సోనాఖాన్, పరల్‌కోట్, గుండాధుర్ ఊరైన నేతానార్ గ్రామాల పెద్దలను అడిగి ఖరారు చేయడం మ్యూజియం అధికారులకు సాధ్యమైన పనే.